క్రూయిజరుకి నగలు: కొనేవారికి ఏడు సూత్రాలు

బండి ఎవరైనా కొంటారండి. దానికి నగలు చేయించడంలోనే మనిషి స్థాయి తెలుస్తుంది. క్రూయిజరు బైకుల్లో 2002లో థండర్‌బర్డ్, 2005లో అవెంజర్, 2020లో మీటియర్ 350 వచ్చాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా కాళ్లు ముందుకు చాపి కూర్చునేవాళ్ల వంశం వర్ధిల్లింది. అయితే షోరూములోంచి అప్పుడే దిగిన క్రూయిజరు బోసిమెడ పెళ్లికూతురితో సమానం. దానికి ఇంజిన్ గార్డు, ఆ గార్డుకి హైవే పెగ్గులు పడాల్సిందే. పెగ్గులంటే మీరనుకునేవి కావు, కాళ్లు పెట్టుకునేవి. అనుభవం మీద చెబుతున్నాను, రాసుకోండి.

1. తూకం చూసి కొనండి

గార్డుని ఒంటి చేత్తో ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే అదే మీది. పైపు గార్డులు దెబ్బ తగలగానే వంగి, ఆ దెబ్బని తామే మింగేస్తాయి. వట్టి పిరికివి. మన ఇనప కమ్మీ వంగదు. దెబ్బంతా నేరుగా ఫ్రేముకి అప్పగిస్తుంది, అప్పుడు ఫ్రేమే వంగుతుంది. పైపుదేముంది, రేపు ఇంకోటి వేసుకుంటారు. ఫ్రేము వంకరైతే బండి ఉన్నన్నాళ్లూ చెప్పుకోవచ్చు. గార్డుని ఫ్రేముకి ఎన్నిచోట్ల, ఏ బోల్టుతో బిగిస్తారని మాత్రం అడక్కండి. అంత పెద్ద బండి కొని నట్ల గురించి బేరమాడితే చులకనైపోతాం.

2. వెడల్పు దగ్గర పిసినారితనం వద్దు

హ్యాండిల్ దూరిన చోట బండి దూరుతుందన్నది పాతకాలం లెక్క. గార్డు హ్యాండిల్ కన్నా బయటికి రావాలి. కొల్లేటి లంకల్లో రోడ్లు చూశారుగా, అటు చెరువు, ఇటు చెరువు, నడుమ గట్టు. ఎదురుగా చేపల లారీ వస్తే మీరు ఒదుగుతారు, మీ గార్డు ఒదగదు. లారీ దానికి కాస్త తగిలిందా, మీరు బొచ్చె చేపల మధ్య తేలతారు. కంగారు పడకండి, నీళ్లు మెత్తగానే ఉంటాయి.

3. క్రోము మెరవాలి

పైపు గార్డే కొంటానని మొండికేస్తే, కనీసం క్రోముదైనా కొనండి. దాని అడుగున చిన్న కన్నం ఉంటుంది. కంపెనీవాడు మరిచిపోయాడనుకుని ఎంసీల్ పెట్టి మూసేయండి. చేపల లారీలు కైకలూరు రోడ్డు పొడుగునా ఐసు నీళ్లు కారుస్తూ పోతాయి కదా, అవి లోపలికి చేరవు. ముందే చేరినవి బయటికీ రావు. పైన క్రోము తళతళలాడుతుంది. లోపల తుప్పు సంగతి ఆ గార్డుకీ దేవుడికీ మధ్య విషయం.

4. పెగ్గులు అందీ అందకుండా ఉండాలి

ఇంట్లో సోఫా మీద కూర్చుని కాళ్లు బారుగా చాపండి. మడమ ఎక్కడికి చేరిందో చూసి, దానికి నాలుగంగుళాలు కలపండి. పెగ్గు అక్కడ. బ్రేకు, గేరు వెనకెక్కడో ఉండిపోతాయి, ఉండనివ్వండి. భీమడోలు దాటి పూళ్ల, కైకరం మీదుగా పదహారో నంబరు హైవే మీద ఎనభైలో పోతున్నారనుకోండి. బండి సెకనుకి 22 మీటర్లు నడుస్తుంది. కాలు వెనక్కి తెచ్చి బ్రేకు వెతుక్కునేసరికి ఓ సెకను. ఆ 22 మీటర్లలో అడ్డొచ్చిన గేదె మనసు మార్చుకోవచ్చు. గేదెలకి మొహమాటం ఎక్కువ.

మడత పెగ్గులు అసలు వద్దు. బండి పడితే అవి మడుచుకుంటాయి. వెల్డింగ్ కొట్టించండి, రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి.

5. షాపులో పరీక్షలు పెట్టకండి

గార్డు బిగించాక కొందరు హ్యాండిల్ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూస్తారు. ముందు ఫోర్కుని నొక్కి మడ్‌గార్డు తగులుతుందేమో చూస్తారు. బూటు కాలితో బ్రేకూ గేరూ అందుతున్నాయా, గార్డు విప్పకుండా ఆయిల్ ఫిల్టరు బయటికి వస్తుందా అని కూపీ లాగుతారు. షాపతను ఎంత నొచ్చుకుంటాడు! మీకు మరీ అనుమానంగా ఉంటే తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది, అక్కడ తోలి చూడండి. మలుపే లేని చోట ఏ గార్డూ నేలకి గీసుకోదు.

6. సారీ గార్డు పీకించండి

ముందు ఇంత ఇనుము పెట్టాక వెనక ఆ జల్లెడ దేనికి? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చాదస్తపుది. వెనక కూర్చునేవారికి పిడి ఉండాలట, ఫుట్‌రెస్టులు ఉండాలట, వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలట. మనం చట్టం అడగని గార్డు ముందు తగిలించుకుని, అడిగిన గార్డు తీసేసి పాత ఇనప సామాన్లవాడికి వేద్దాం. ఇంట్లో ఆవిడని చీర కొంగు కాస్త జాగ్రత్తగా పట్టుకోమనండి. అన్నీ మనమే చూసుకోలేం.

7. వరదొస్తే వెనకాడకండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. చాలామంది గట్టునే ఆగిపోయారు. వాళ్ల బండ్లకి ఇంజిన్ గార్డు లేదు కాబోలు. ఇంజిన్ని కాపాడుతుందని పేరులోనే ఉండగా మనకి భయమెందుకు? సైలెన్సరులోంచి బుడగలు వచ్చేదాకా పోనివ్వండి.

ఈ ఏడూ నేను తు.చ. తప్పకుండా పాటించాను. బండి పక్కకి ఒరిగినప్పుడు ఆ 190 కేజీల పైచిలుకు బరువు కాలి మీద పడకుండా జానెడు జాగా మిగల్చడమే గార్డు పని అని, ఆసుపత్రి మంచం మీద తీరిగ్గా పడుకున్నప్పుడు తెలిసింది. బండి అమ్మకానికి ఉందండి, నగలు ఉచితం. కుడికాల్లో వేసిన రాడ్డు మాత్రం ఇవ్వను. నేను కొన్న సామాను మొత్తంలో ఫ్రేముకి సరిగ్గా బిగించింది అదొక్కటే.