పొడి ఈగ మడి

మన ఇళ్ళలో మడిబట్టను ఎవరూ తాకకూడదు. ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతపు టెస్ట్ నది ఒడ్డున కనిపించే ఈ పెద్దమనిషి ఈగను నీళ్ళు తాకకూడదు. వేసేది నదిలోకే. అయినా తడవకూడదు!

ఈగంటే ఈగ కాదు, గాలానికి ఈకలు చుట్టి చేసిన మేఫ్లై బొమ్మ. అసలు మేఫ్లై రెండేళ్ళు నది అడుగు బురదలో పురుగుగా బతికి, మే నెలాఖరుకు మన ఉసుళ్ళలా రెక్కలతో గుంపుగా పైకొస్తుంది. తినడానికి పనికొచ్చే నోరైనా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో పెళ్ళీ, గుడ్లూ, చావూ అయిపోతాయి. ఆ విందులో ట్రౌట్ చేపలకు ఒళ్ళు తెలీదు. ఎంత చేతకానివాడికైనా పడతాయి గనక ఆ రోజుల్ని అక్కడ మొద్దుల పక్షం అంటారు. మనవాడికి మాత్రం పడవు.

ముందురోజు రాత్రే బల్లకు బిగించిన చిన్న పట్టులో పదో నంబరు గాలం పెడతాడు. తోకకు ఫెజెంట్ ఈక పోగులు మూడు. నాలుగోది అంటుకుంటే మొత్తం విప్పేస్తాడు. అసలు పురుక్కి తోకలు మూడే మరి. ఒంటికి రాఫియా నార. తల దగ్గర పుంజు మెడ ఈక నాలుగు చుట్లు. ఆ బిరుసు పోగులే ఈగను నీటిమీద నిలబెడతాయి. పెట్ట ఈక మెత్తన, నీళ్ళు పీల్చి ములుగుతుంది. ఆఖరి ముడి దగ్గర దారం పుటుక్కున తెగుతుంది. మళ్ళీ మొదటినుంచి.

ఈ మడికి స్మృతికర్త ఫ్రెడరిక్ హాల్ఫర్డ్. తేలే ఈగలమీద 1886లో పుస్తకం రాశాడు. పైకొచ్చి తింటున్న చేపకే, అదీ దిగువన నిలబడి ఎగువకే వెయ్యాలని శిష్యుల ఆచారం. చేప నీటిలోపల తింటుంటే ఈగనూ అక్కడికే పంపితే పోలా అని 1910లో స్క్యూస్ అనే లాయరు రాశాడు. మనవాడి దగ్గర ఆ పేరెత్తకండి, మళ్ళీ స్నానం చెయ్యాల్సొస్తుంది.

ఉదయం. వంతెన పక్కన చేప లేచింది. మోకాళ్ళమీద పాకాడు. ఈగకు జిడ్డు రాశాడు, గాల్లో నాలుగుసార్లు ఆడించి ఆరబెట్టాడు. మొదటి విసురు విల్లో కొమ్మకి. రెండోది సరిగ్గా పడింది గానీ, ప్రవాహం దారాన్ని లాగడంతో ఈగ నీటిమీద గీత గీసుకుంటూ పరుగెత్తింది. ఏ మేఫ్లై అలా పరుగెడుతుంది? చేప మొహం చాటేసింది. మూడోది వేసి కళ్ళజోడు తుడుచుకుంటుండగా ఈగ కాస్తా ములిగింది. దారం బిగిసింది.

కిలో పైమాటే. తడిచేత్తో గాలం విడిపించి నీళ్ళలో వదిలేసి, డైరీ తీశాడు.

చేపలు: 0.