నలక లేకుండా బొమ్మల సినిమా: కొత్త టీవీ కొన్నవారికి సూచనలు

లాభాల వాటా ఖాతాలో పడింది. 2024లో సింగరేణి బొగ్గు గనుల సంస్థ కార్మికులకు 33 శాతం ప్రకటించింది కాబట్టి మా గోదావరిఖనిలో గోడంత టీవీ లేని క్వార్టర్ ఉండకూడదు. ఇక పిల్లలకు పాత కార్టూన్ సినిమాలు, అవీ రీమాస్టర్ చేసినవే చూపించాలనిపిస్తుంది. పెట్టిన ప్రతి రూపాయీ తెర మీద మెరవాలంటే ఇవి పాటించండి.

1. చుక్క కనబడితే దుమ్మే అనుకోండి

దుమ్ము గురించి మనకు ఒకరు చెప్పాలా? పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కాబట్టి బొమ్మలో సన్నని రేణువులు కదిలితే టీవీ సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్‌ను చివరిదాకా పెంచండి. అది ఫిల్ముకు పుట్టుకతో వచ్చిన గ్రెయిన్ అనీ, దాన్ని చెరిపితే బొమ్మ కూడా చెరుగుతుందనీ వాదించేవాళ్లతో మాటలొద్దు. డిస్నీవాళ్లను చూసి నేర్చుకోండి. 1961 నాటి 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' నుంచి వాళ్లు చిత్రకారుల పెన్సిల్ గీతల్ని జిరాక్స్ పద్ధతిలో నేరుగా సెల్లు అనే పారదర్శక షీటు మీదికి ఎక్కించారు. గీసి, దిద్దిన జాడలు కూడా తెర మీద తెలిసేవి. 1963లో వచ్చిన 'ద స్వోర్డ్ ఇన్ ద స్టోన్'ను 2013లో బ్లూరేగా తెచ్చినప్పుడు ఎంత శ్రద్ధగా తుడిచారంటే, గ్రెయిన్‌తో పాటు గీతలూ కరిగి మనుషులు మైనపు బొమ్మల్లా తేలారు. శుభ్రత అంటే అదీ!

2. డిస్కును లుంగీ కొసతో గుండ్రంగా రుద్దండి

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి షోకేసులో స్టీలు గ్లాసులు గలగలమన్నాక, కవర్లో పెట్టని డిస్కు మీద సన్నటి పొడి చేరుతుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవమంటారు. అలా చేస్తే గీత పడినా ప్లేయరు సర్దుకుని చదివేస్తుంది. గుండ్రంగా రుద్దితే గీత డేటా వరస వెంబడే సాగి, సరిగ్గా యుద్ధం మొదలయ్యే చోట సినిమా ఆగుతుంది. అప్పుడు లేచి టీ పెట్టుకోవచ్చు.

3. గీయని బొమ్మలు కూడా టీవీతో గీయించండి

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసే రోజుల్లో చాలా చోట్ల ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడేవారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. ఇదేం పిసినారితనం? మోషన్ స్మూతింగ్ ఆన్ చేయండి, మధ్యలోవి మీ టీవీయే పుట్టిస్తుంది. దూకే ముందు ఒక్క క్షణం బిగబట్టేలా చిత్రకారుడు కావాలని ఉంచిన విరుపును కూడా సాఫీ చేసేస్తుంది.

4. పక్కన నల్లపట్టీలు వదలొద్దు

'స్నో వైట్' 1937లో తీసింది, దాదాపు చదరపు బొమ్మ. కొత్త టీవీలో రెండు పక్కలా నలుపు మిగులుతుంది. డబ్బు పోసి కొన్న తెరలో నలుపెందుకు? జూమ్ నొక్కండి. పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు తెగిపోతుంది. పోతే తలలూ కాళ్లే కదా.

5. పాత డిస్కులు చెత్తబండికి వేయండి

వీసీడీలో ఒక ఫ్రేముకు 352 అడ్డం, 288 నిలువు, వెరసి సుమారు లక్ష చుక్కలు. 4కేలో దాదాపు 83 లక్షలు. ఇంకా లెక్కేం చూస్తారు? యుగో సాకో, రామ్ మోహన్, కోయిచి ససాకి తీసిన జపాన్ రామాయణం, 'ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ', 2025 జనవరిలో 4కేలో, తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. పాత హిందీ డబ్బింగ్‌లో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతిచ్చారు. కొత్త విడుదలలో గొంతులు మారాయి. చుక్కలు పెరిగాక గొంతుతో పనేముంది? ఆ పాత గొంతులున్న క్యాసెట్టో డిస్కో ఇంట్లో ఉంటే ముందు దాన్నే పారేయండి.

6. రంగులు వివిడ్‌లో పెట్టండి

1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్'కే 2010లో రంగులు పూశాం. రంగులతోనే పుట్టిన సినిమాకు ఇంకో రెండు పూతలు వేయడానికి మొహమాటమెందుకు?

ఆఖరి హెచ్చరిక: సెట్టింగుల్లో ఎక్కడో లోపల 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అనో 'సినిమా' అనో ఉంటుంది. పొరపాటున కూడా దాని జోలికి వెళ్లొద్దు. ఇంత కష్టపడి టీవీలో చేసుకున్న మార్పుల్లో చాలా వరకు ఒక్క నొక్కుతో పోయి, గీసినవాడు గీసిన బొమ్మే కనబడే ప్రమాదముంది.