పరీక్ష బోరు వ్రతకల్పం

ఊళ్లో బోరు నీళ్లు ఎర్రబడ్డాయనో, నురగ కడుతున్నాయనో, బర్రె తాగి పడిపోయిందనో జనం రోడ్డెక్కితే సర్కారు వారు చేతులు ముడుచుకు కూర్చోరు. ఇంకో బోరు వేయిస్తారు. నీళ్లకు కాదు సుమండీ, నీళ్లలో ఏముందో చూడడానికి. దాన్నే పరీక్ష బోరు అంటారు. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం చుట్టుపక్కల ఈ వ్రతం దశాబ్దాలుగా భక్తిశ్రద్ధలతో సాగుతోంది. తిథివారాల పట్టింపు లేదు గానీ, గట్టిగా రెండు వానలు పడ్డాక చేస్తే ఫలం రెట్టింపు. వాన నీరు కలిసి పలచబడ్డ విషం కాగితం మీద చాలా మర్యాదగా కనిపిస్తుంది.

ముందు సంకల్పం, అంటే కమిటీ వేయడం. మామూలు వ్రతాల్లో యజమాని గోత్రనామాలు గట్టిగా చదువుతారు. ఇక్కడ యజమాని పేరు పొరపాటున కూడా పైకి రాకూడదు. "సమీపంలోని కొన్ని పరిశ్రమల వల్ల" అనాలి. "కలుషితమైనట్లు ఆరోపణలు వచ్చినందున" అనాలి. ప్రహరీ గోడ అడుగున గొట్టం నోరు కళ్లెదుట కనిపిస్తున్నా, కమిటీ వారు దాన్ని దాటుకుని రెండు ఫర్లాంగుల అవతల శాస్త్రీయంగా వెతకడం మొదలుపెట్టాలి.

వ్రతమన్నాక కథ వినాలి కదా. అక్షింతలు చేత్తో పట్టుకోండి. 1970ల్లో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వెలిసింది. దేశానికి మందులు, ఊరికి కొలువులు అన్నారు. మందులు నిజంగానే వచ్చాయి, ప్రపంచమంతా మింగుతోంది. వాటిని వండగా మిగిలిన నీళ్లు మాత్రం కుంటల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దారి చూసుకున్నాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు గడప తొక్కింది. 1994లో ఫ్యాక్టరీలకు కలిపి ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రైబ్యునల్‌కు దిగింది. కాలుష్యమూ అలాగే చెరువు నుంచి బావికి, బావి నుంచి బోరుకు దిగింది. రెండిట్లో ఏది ముందు అడుగుకు చేరిందో ఆ ఊళ్లలో మోటారున్న ఏ రైతునడిగినా చెబుతాడు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం, ఆ ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ల ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అది శుద్ధి చేశాక వచ్చిన లెక్క అన్న సంగతి మరవకండి. 2009లో చుట్టుపక్కల చెరువుల, ఊరి బావుల ఫలితాలూ ప్రచురించారు. ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు. బావుల్లోనూ మందులే. కొన్నింట్లో లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటి సిప్రోఫ్లాక్సాసిన్, తుమ్ములకు వేసే సెటిరిజిన్, తామరకు వాడే టెర్బినాఫిన్, దిగులు జబ్బుకు ఇచ్చే సిటాలోప్రామ్.

ఇంటింటికీ మందులు పంచుతామని ఓట్లడిగిన వాళ్లను చూశాం గానీ, పంట పోయి దిగులుపడే రైతుకు ఆ దిగులు మందును అతని బావిలోనే కలిపి అందించిన పాలన ఇంకెక్కడా ఉండి ఉండదు. మోతాదు నలుసంత. రోగం కుదిర్చేంత లేదు, తాగిన పూటే పడిపోయేంతా లేదు. కాకపోతే సూక్ష్మజీవులకు అది రోజువారీ తాలీము. మందుకు చావకుండా బతకడం నేర్చేసుకుంటాయి. రేపు ఆ మాత్ర పని చేయకపోతే డాక్టరు ఇంకా ఖరీదైనది రాస్తాడు. భయం లేదు, అదీ ఇక్కడే ఎక్కడో తయారవుతుంది.

2009 చివర్లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం. పటాన్‌చెరు, బొల్లారాలకు 70.07 వచ్చింది. అన్నేళ్ల సాధనకు అత్తెసరు మార్కులు! 2010 జనవరిలో కొత్త ఫ్యాక్టరీలు, విస్తరణలు వద్దంటూ మారటోరియం పెట్టారు, తర్వాత ఎత్తేశారు. ఎత్తేసిన సంగతి నేల కింది నీళ్లకు ఎవరూ కబురు చేసినట్టు లేదు.

కథ అయింది. ఇక విధానం. బోరు ఎక్కడ వేయాలి? నీళ్లు పడే చోటు చూపించే కొబ్బరికాయ వేరు, నీళ్లు బాగున్న చోటు చూపించే కొబ్బరికాయ వేరు. రెండోది కన్సల్టెంట్ల దగ్గర ఉంటుంది. దాని ప్రకారం బోరు ఎప్పుడూ ఫ్యాక్టరీకి ఎగువన పడాలి. నేల కింది నీళ్లకూ వాలు ఉంటుంది, కాలుష్యం ఆ వాలు వెంటే పోతుంది. కాబట్టి ఎగువన తవ్వితే ఎవరి మనసూ నొప్పించని నీళ్లు వస్తాయి. దిగువనే వేయాలని ఊరివాళ్లు పట్టుబడితే వేయవచ్చు, భయం లేదు. ఇది గట్టి రాతి నేల. పైన మొరం, కింద నల్లరాయి. నీళ్లు నడిచేది ఆ రాతి పగుళ్లలోనే. పగులుకు పదడుగులు పక్కన దించితే పొడి తప్ప ఏమీ రాదు. "బోరు ఫెయిల్, కాలుష్యం నిర్ధారణ కాలేదు" అని నిజాయితీగా రాసుకోవచ్చు.

ఇక బోరు బండి వస్తుంది. టైరు కింద నిమ్మకాయ, రాడ్డుకు పసుపు కుంకుమ, ముందొక కొబ్బరికాయ. కంప్రెసర్ అందుకోగానే పిల్లలు చెవులు మూసుకుంటారు, కుక్కలు పొలిమేర దాటుతాయి. మొదట ఎర్ర మొరం, తర్వాత పసుపు పచ్చ సుద్ద, హామర్ రాయికి తగిలాక బూడిద రంగు పొడి లేస్తుంది. అడుగుల లెక్క పెడుతున్న కుర్రాడు మేస్త్రీకి వేళ్లు చూపిస్తుంటాడు, మాట వినపడదు కనుక. పగులు తగిలిందా, గాలి ఒత్తిడికి నీళ్లు తాటిచెట్టంత ఎత్తున చిమ్ముతాయి. వాటితో పాటు గుప్పుమని వాసన. పెయింటు డబ్బా మూత తీసినట్టు ముక్కుపుటాలు మండుతాయి, చుట్టూ చేరినవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. ఇంజనీరు గారు కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు.

ఆ వాసనే టోలుయిన్, డైక్లోరోమీథేన్ లాంటి ద్రావకాలు. సీసాలోకి ఎక్కి ల్యాబుకు వెళ్లవలసిన సరుకు అదే. కంప్రెసర్ గాలి దాన్ని ఆకాశానికి ఎగరేసింది. మిగిలిన నీళ్లను, డ్రైవరు తాగి పారేసిన ప్లాస్టిక్ బాటిల్లో సగం దాకా పట్టి, మూత బిగించి, జీపు డ్యాష్‌బోర్డు మీద ఎండకు పెడతారు. పద్ధతి తెలిసినవాడైతే గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, మూత పెట్టి, ఐసులో దాచి పంపిస్తాడు. పద్ధతి తెలియనివాడైతే, "ద్రావకాలు లేవు" అనే తన నివేదిక మీద సంతకం చేసి, కళ్ల మంటకు చుక్కలు వేసుకుంటాడు.

ల్యాబుకు వెళ్లాక చూసేదేమిటి? పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం. టీడీఎస్ తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణం. యాంటీబయాటిక్ ఎంత దాకా ఉండొచ్చు? దాని ఊసే అందులో లేదు. ఫ్యాక్టరీ వదిలే నీళ్లలోనైనా ఒక హద్దు పెడదామని 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. అబ్బో అనుకున్నాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. ఇంతకంటే నికార్సయిన శుద్ధి ప్రక్రియ ఏ ఇంజనీరూ ఇంతవరకు కనిపెట్టలేదు. నీళ్లలోంచి మందు తీయడానికి ఖర్చవుతుంది, చట్టంలోంచి తీయడానికి కలం చాలు. హద్దే లేనప్పుడు మీరడమెలా?

ఈ తంతు జరిగేటప్పుడు గట్టు మీద ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. ఏ ఊళ్లోనైనా ఉంటాడు. మాటలూ దాదాపు ఇవే ఉంటాయి.

"సారూ, మల్ల కొత్త బోరెందుకు? నా చెలకల నాలుగున్నయ్. నాల్గింట్లనూ గదే వాసన."

"అవి లెక్కలోకి రావు పెద్దాయనా. వాటికి రికార్డు లేదు," అంటారు ఇంజనీరు గారు.

"లేకేంది సారూ? ఏ తారీకున ఏసిన, ఎన్నడుగులు పోయిన, ఏడ కేసింగ్ దించిన, అన్నీ అప్పు బుక్కుల ఉన్నయి. మిత్తి సుత ఉన్నది. తెమ్మంటవా?"

తెమ్మనరు. తెస్తే చదవాల్సి వస్తుంది. ఏ బోరు ఏ ఏడాది పాడైందో, మొదట ఎవరి చేను పోయిందో, తర్వాత ఎవరిదో, ఆ పుస్తకాలన్నీ పక్కపక్కన పరిస్తే కాలుష్యం నడిచిన దారి తారీకులతో సహా కనిపిస్తుంది. అంత వివరంగా మన శాఖల దగ్గర ఒక్క ఫైలు ఉంటే చూపించమనండి.

నన్ను పరీక్ష బోర్లకు శత్రువనుకోకండి. ఇంజనీరు మాటలో ఒక పాలు నిజం ఉంది. రైతు బోరు పైనా కిందా నీళ్లన్నీ ఒక్కటి చేసేస్తుంది, ఏ లోతున ఏముందో తేల్చి చెప్పదు. అందుకు ప్రత్యేకంగా తవ్విన బోరే కావాలి. కావలసిన లోతులో చిల్లుల పైపు, చుట్టూ గులకరాళ్లు, పై నీళ్లు కిందికి జారకుండా బెంటొనైట్ మట్టితో కట్టుదిట్టమైన బిరడా. బిరడా వేయకపోతే పైనున్న విషానికి కిందికి మనమే నిచ్చెన వేసిచ్చినట్టు. నిలవ నీళ్లు తోడేసి, కొత్తగా ఊరినవే పట్టాలి. టోలుయిన్ నీటికంటే తేలిక, కరగకుండా మిగిలింది పైన తేలుతుంది. డైక్లోరోమీథేన్ బరువు, అది రాతి పగుళ్ల అడుక్కి దిగి దాక్కుంటుంది. కాబట్టి రెండు లోతుల్లోనూ చూడాలి. ఎండాకాలం ఒకసారి, వానలు పోయాక ఒకసారి. ఇందులో చంద్రుడి మీదికి పంపాల్సిన సామగ్రేమీ లేదు. హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, పని తెలిసినవాళ్లున్నారు.

మరి చేయరెందుకంటే, చేస్తే తేలిపోతుంది కనుక. ఒకటి ఎగువన, రెండు దిగువన, మూడంటే మూడు బోర్లు సక్రమంగా వేసి, నీటిమట్టాలు కొలిచి గీత గీస్తే నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. ఆ గీతను పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక గేటు వస్తుంది. గేటు మీద బోర్డుంటుంది. బోర్డు మీద, సంకల్పంలో ఎవరూ ఉచ్చరించని పేరుంటుంది. అందుకే ఉద్యాపన నాడు నివేదికలో "మరింత లోతైన అధ్యయనం అవసరం" అని రాసి, తాంబూలాలిచ్చి పంపించేస్తారు. ప్రసాదం మాత్రం ఊరికి పంచరు. సమాచార హక్కు కింద అడిగినవాడికి, అదీ ఓపికుంటే. మనవాళ్లు వ్రతం చెడ్డా ఫలం దక్కాలంటారు. ఇక్కడ వ్రతం చెడగొట్టడమే ఫలం.

ఎలాగూ ఇంకో కమిటీ వస్తుంది కాబట్టి నాదొక మనవి. బోరు బండికి బయానా ఇచ్చే ముందు ఫ్యాక్టరీ స్టోర్స్ రిజిస్టర్ ఒక్కసారి తెప్పించుకోండి. ఏడాదిలో ఎన్ని డ్రమ్ముల ద్రావకం కొన్నారు, ఎంత తిరిగి పట్టుకున్నారు, ఎంత కాల్చారు, ఎంత శుద్ధికి పంపారు. కూడికలు, తీసివేతలు చాలు. లెక్కకు రాకుండా మిగిలింది గాలికైనా పోయి ఉండాలి, నేలలోకైనా పోయి ఉండాలి. అది చూశాక గేటు లోపల, వ్యర్థాల ట్యాంకుల పక్కనే, ఒక్క బోరు వేస్తామని యజమాని గారిని అడిగి చూడండి. ఆయన ససేమిరా ఒప్పుకోరు. కింద ఏముందో ఆయనకు బోరు వేయకుండానే తెలుసు.