కోళ్లగంప జమాఖర్చు

నన్ను బోర్లిస్తేనే నాకు పని. తిరగేసి పెడితే నేనూ అన్నిటిలాంటి బుట్టనే. వెదురు బద్దలు చీల్చి, గాలాడేటట్టు కంతలు వదిలి, నడినెత్తిన చెయ్యి దూరేంత బొక్క ఉంచి మేదరి నన్ను అల్లుతాడు. ఆ కంతలు పిల్లి పంజా పట్టనంత చిన్నవిగా ఉండాలి, కింద ఉన్న తల్లికోడికి ఊపిరాడేంత పెద్దవిగానూ ఉండాలి. అల్లికలో పనితనమంతా అక్కడే. నా వెదురు గోదావరి మన్యంలోది. నా తోటి వెదుళ్లు చాలా రాజమహేంద్రవరం పేపరు మిల్లుకు పోయి తెల్లకాగితాలయ్యాయి. కోళ్ల పెంపకం లాభనష్టాల లెక్కలు వాటి మీద రాస్తుంటారు. నా దగ్గర కాగితం లేదు. నా కింద ఎన్ని పడతాయో అదే నా లెక్క, ఆ లెక్కే సరైనదని నా వాదన.

గోదావరి పొంగి లంకలు మునిగాయంటే కూరపాదులూ మునుగుతాయి. మడికి కూరగాయల మార్కెట్లో వంకాయ ధర వినగానే చాలా ఇళ్లలో ఒకే ఆలోచన పుడుతుంది: దొడ్లో నాలుగు కోడిపిల్లల్ని వదిలితే కూర లేని పూట గుడ్డయినా ఉంటుంది కదా అని. ఆ ఆలోచన సగం ఒప్పు, సగం తప్పు. తప్పు సగం ముందు చెబుతాను. నాటుపెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లు. తణుకు, అనపర్తి వైపు ఫారాల్లో ఉండే కోడి 300కు పైగా పెడుతుంది. రోజుకు 100 గ్రాముల మేత చొప్పున వేసుకున్నా ఏడాదికి 36 కిలోలు. దాన్ని 60 గుడ్లకు పంచితే గుడ్డుకు 600 గ్రాములు, 300 గుడ్లకు పంచితే 120 గ్రాములు. అంటే మేత సంచి కొని పోస్తే మీ దొడ్లో గుడ్డు మేతఖర్చు ఫారం గుడ్డుకు అయిదింతలు. 1982లో పుట్టిన నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రోజూ ప్రకటించే గుడ్డు ధరతో పోటీపడి గెలిచే పెరటి కోడి గోదావరి జిల్లాల్లో లేదు. కొన్న మేత గింజ పడిన రోజే అది ఓడిపోయింది.

ఒప్పు సగం ఏమిటంటే, దానికి మేత కొననక్కర్లేదు. ఇది వరి పండే నేల. మిల్లులో ధాన్యం ఆడిస్తే నూకా తౌడూ మిగులుతాయి, చెరిగిన చేటలో తాలు మిగులుతుంది. రొయ్య వలిచిన చోట తలలు, చేప కోసిన చోట పొట్టలు, బీరకాయ చెక్కిన చోట తొక్కలు. రొయ్య తలల్లో మంచి మాంసకృత్తులున్నాయి, కాకపోతే ఎక్కువ వేస్తే గుడ్డు నీచు కొడుతుంది, చూసి వేయాలి. పాత కుండలో తడి గడ్డీ పేడా కూరి నేల మీద బోర్లిస్తే చెదలు పడతాయి. కోడిపిల్లలకు అంతకుమించిన విందు లేదు. కాలవగట్టున దొరికే నత్తగుల్లలు నలగ్గొట్టి వేస్తే గుడ్డు పెంకు గట్టిపడుతుంది. వీటిలో ఏదీ అంగడిలో కొన్నది కాదు, దాదాపు అంతా పారేసేదే. అయితే ఇంట్లో పారేసేది ఇంతే అని ఒక హద్దుంటుంది. రెండు మూడు పెట్టలూ ఒక ఈతలో లేచిన పిల్లలూ ఆ హద్దులోనే బతుకుతాయి. నా కింద పట్టేదీ ఒక తల్లీ దాని పిల్లలే. అంతకు మించితే సంచి కొనాలి, సంచి కొంటే పై లెక్క మళ్లీ మొదలు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గ్రామప్రియను తయారు చేసింది, అది 200 దాకా పెడుతుంది, ఇంకా ఈ నాటుపెట్ట ఎందుకని అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ గ్రామప్రియ పొదగదు. దాని పిల్ల కావాలంటే హేచరీ కావాలి, బల్బు కావాలి, మొదటివారం 35 డిగ్రీల వేడి కావాలి. నాటుపెట్ట పొదిగేటప్పుడు గుడ్లు పెట్టదని దాన్ని తప్పుపడతారు గానీ, 21 రోజులు కూర్చున్నంతసేపూ అది కరెంటు బిల్లు లేని ఇంక్యుబేటరు, ఆ తర్వాత రెక్కల కింద అదే బల్బు. తెలిసినవాళ్లు రెండూ కలుపుతారు: గ్రామప్రియ గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద పొదగేస్తారు. గుడ్డు పెట్టి వారం దాటకుండా ఉంటే మంచిది. ఏడోరోజు రాత్రి టార్చి పట్టి చూస్తే బతికిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, మురిగేది ఖాళీగా వెలుగుతుంది. కార్తీకంలో గుడ్డు ముట్టని ఇళ్లలో ఆ నెల గుడ్లన్నీ ఇలా పొదగడానికి వెళ్లడం సబబు.

అసలు నష్టం మేతలో కాదు, చచ్చిపోయే పిల్లల్లో ఉంది. మూడోవారంలో పోయిన పిల్ల అంటే అట్టు వేసుకోవాల్సిన గుడ్డూ అన్నాళ్లు తిన్న నూకా కలిసిపోయినట్టు. లేచిన పిల్ల కడుపులో మిగిలిన సొన రెండురోజుల దాకా దాన్ని బతికిస్తుంది, కాబట్టి తొలిరోజే మేత తినలేదని కంగారు అక్కర్లేదు. తర్వాత గోనెపట్టా మీద నూక చల్లాలి. నీళ్లు లోతు లేని మూకుట్లో పోసి గులకరాళ్లు వేయాలి, లేకపోతే పిల్ల మునిగి చస్తుంది. కింద పొడి ఊక పరచాలి. ఊక తడిస్తే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి, అడుగునున్నది ఊపిరాడక పోతుంది. శ్రావణంలో లేచిన పిల్ల కనుమకు అందుతుంది గానీ, శ్రావణమే ముసురు. అందుకే వానరోజుల్లో నా చోటు దొడ్డి కాదు, పంచ.

తెగులొస్తే ఈ లెక్కలన్నీ తలకిందులే అంటారు. కాదనను. కొక్కెర తెగులు ఊళ్లోకి వస్తే గంపలు ఖాళీ చేసి పోతుంది. దానికి టీకా ఉంది: వారం లోపు పిల్లకు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క. చిక్కు వేరే ఉంది. టీకా సీసాలో డోసులు వందల్లో ఉంటాయి, తెరిచాక కొద్దిగంటల్లోనే వాడేయాలి, పది పిల్లలున్న ఇల్లు ఒక్కటే కొంటే దండగ. వీధి వీధంతా ఒకేరోజు వేయించుకోవాలి. పశువుల ఆసుపత్రిలో అడిగితే దారి చెబుతారు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు కథ వేరు. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పెరటి కోళ్లనూ తీసేయాలన్నది నిబంధన. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒక్క ఊరట తప్ప: మూడు కోళ్లు పోతే ఇల్లు కూలదు, అప్పు చేసి ముప్పై పెట్టినవాడికే దెబ్బ.

కోడి ఉన్న దొడ్లో కూరమొక్క బతకదన్నది ఇంకో మాట. నిజమే, తోటకూర మడిని అది గంటలో తిరగదోడుతుంది. కోడిని కప్పే తీరిక లేకపోతే మొక్కను కప్పండి, అందుకూ నేను పనికొస్తాను. ఆనప, బీర, చిక్కుడు పందిరెక్కాక కోడి వాటినేమీ చేయలేదు. పైగా కోడిపెంటలో నత్రజని సుమారు 3 శాతం, మామూలు పశువుల ఎరువులో అర శాతం అటూఇటూ. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది, ఊకతో కలిపి రెండునెలలు మాగనిచ్చి వేయాలి. నన్నడిగితే కూరల ఖర్చు తగ్గేది గుడ్డు వల్ల కన్నా ఈ పెంట వల్లే ఎక్కువ, ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక నాటుగుడ్డుకే బలమనేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, పెంకు రంగు కోడి జాతిని బట్టి వచ్చేది, మాంసకృత్తులు రెండింట్లోనూ దాదాపు ఒకటే. కోడిగుడ్డు మీద ఈకలు పీకే బదులు ఆ నమ్మకాన్నే వాడుకోండి. పట్నంలో నాటుగుడ్డుకు ఎక్కువ ధర ఇస్తారు. అది అమ్మి ఫారం గుడ్లు కొనుక్కుంటే పిల్లల కంచంలో గుడ్లు పెరుగుతాయి, కూరల సంచీకీ కొంత మిగులుతుంది. పుంజుపిల్లల్ని మాత్రం కనుమ గిరాకీ దాకా ఆపండి.

పొద్దుపోయింది. తల్లి రెక్కలు విప్పిందో లేదో చూసి నన్ను కప్పండి. మీద ఓ బండరాయి పెట్టడం మరవకండి, ఊరకుక్క నన్ను తేలిగ్గా తోసేస్తుంది.