మారినవాడికే గది

ఇల్లు లేకపోవడం వల్ల మనిషి నిరాశ్రయుడవుతాడని పామరుల నమ్మకం. మనస్తత్వ శాస్త్రాన్ని అవసరమైనంత వరకే చదివిన పాలకులకు అసలు రోగం తెలుసు: ప్రేరణ లోపం. మారాలని లేదు కాబట్టే వాడు ఫుట్‌పాత్ మీద ఉన్నాడు. మారితే ఇల్లిస్తారు.

ఈ వైద్యానికి అమెరికాలో మెట్ల పద్ధతి అని పేరు. మొదట రాత్రి బస, తర్వాత తాత్కాలిక వసతి, చివర్న సొంత గది. మెట్టెక్కాలంటే మందు మానాలి, మాత్రలు వేళకు మింగాలి, చెప్పిన గంటకు లోపలికి రావాలి. తడబడితే మళ్లీ కింది మెట్టే. అందాకా మాత్రల సీసా ఎక్కడ దాచుకోవాలో, వేళ ఏ గడియారంలో చూడాలో చెప్పేవాళ్లు లేరు. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన ప్రయోగాల్లో ఎలుక మీట నొక్కగానే మేత పడే ఏర్పాటు చేశాడు. బహుమతి ఆలస్యమైతే అలవాటు సులువుగా కుదరదని ఆ ప్రయోగాల సారం. ఎలుకకు జరిగిన ఆ మర్యాద మనిషికి జరగలేదు.

1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ క్రమశిక్షణ తప్పాడు. వీధుల్లో బతుకుతున్న మానసిక రోగులకు ముందే ఫ్లాటు తాళాలిచ్చేశాడు. మందు మానాలన్న షరతు లేదు. ఆదాయంలో 30 శాతం అద్దె కట్టాలి, సిబ్బంది వచ్చి చూసిపోతుంటే కాదనకూడదు, అంతే. 2000లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఐదేళ్ల కాలంలో వీరిలో 88 శాతం మంది ఇళ్లలో నిలిచారు; పాత పద్ధతిలో నిలిచింది 47 శాతం. 2009-13 మధ్య కెనడా ఐదు నగరాల్లో సుమారు 2,000 మందితో పరీక్షిస్తే ఫలితం అటే మొగ్గింది. మత్తు వాడకంలో మాత్రం రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇల్లిస్తే ఇల్లులేనితనం ఒక్కటే పోయిందని విమర్శకులు నొచ్చుకోవడానికి ఆ మాత్రం మిగిలింది.

పేదవాడి బుద్ధి మీదా పరిశోధన జరిగింది. 2013లో అచ్చయిన అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందూ తర్వాతా ఒకే తరహా బుద్ధి పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బాడని రోజుల్లో వెనకబడిన రైతే, పంట డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. మధ్యలో అతనికి వ్యక్తిత్వ వికాస తరగతులేవీ జరగలేదు.

ఫిన్లాండ్ 2008 నుంచి షెల్టర్లను అద్దె ఫ్లాట్లుగా మార్చుకుంటూ వచ్చింది. 1980ల చివర్లో 15,000 దాటిన నిరాశ్రయులు 2023 నాటికి మూడున్నర వేల లోపుకు దిగారు. 2024లో ప్రభుత్వం ఇంటి అద్దె సాయానికి కోత పెట్టింది. ఆ ఏడే లెక్క మళ్లీ పెరిగింది. దేశమంతటా ప్రేరణ ఒక్కసారిగా అడుగంటి ఉంటుంది.

ప్రేరణ సిద్ధాంతం హైదరాబాద్‌కూ తెలుసు. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చిన అంతర్జాతీయ సదస్సుకు ముందు నగరంలో భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీద ఉన్నవాళ్లను వ్యాన్లెక్కించి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. అదే రోజుల్లో తెలంగాణ జైళ్ల శాఖ 500 రూపాయల నగదు బహుమతి కూడా ప్రకటించింది. అది బిచ్చగాడికి కాదు, అతని ఆచూకీ చెప్పినవాడికి.