గడియారముద్ర చుట్ట: పద్యం, టీక, తాత్పర్యం

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మెదకు దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అన్నవి ఆయన పెట్టుకున్న నియమాలు. ఈ వ్యాఖ్యాతకు మొదటిది పాటించే వీలు లేదు, రెండోది పాటించే ఉద్దేశం లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం టాంపా పట్టణపు న్యూమన్ వారి చుట్టల మీద చెప్పిన తెలుగు పద్యమేదీ దొరక్క, ఆటవెలది ఒకటి మేమే కట్టుకుని అజ్ఞాతకవి పేర చలామణీ చేస్తున్నాం.

పాత యింటి చుట్ట పదిలమై చేతితోఁ
జుట్టఁబడిన దదియు సులభ వెలకు
గోపురమున నిల్చు గొప్పదౌ గడియార
ముద్రఁ జూచి కొనుము మోజు తీఱ

ప్రతిపదార్థం. పాత యింటి = 1895 నాటి వ్యాపారానిదైన; చుట్ట = చుట్టే; పదిలమై = చెక్కుచెదరనిదై; చేతితోన్ = ఎవరిదో ఒక చేతితో; చుట్టఁబడినది = చుట్టఁబడినది; అదియు = పాదం నిండడానికి; సులభ వెలకు = జేబు తట్టుకునే ధరకు; తక్కినది సులభం.

తాత్పర్యం. కొనమంటున్నాడు.

విశేషాలు. ‘పాత యింటి’ అన్నది ఉత్త అలంకారం కాదు. హంగరీ నుంచి వలస వచ్చిన జూలియస్ సీజర్ న్యూమన్ అనే కుర్రవాడు 1895లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో, ఇంటివాళ్ళ కొట్టంలో బల్ల వేసుకుని చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. మొదటి బేరం ఇంటికి సరుకులు పోసే కొట్టాయనది, 500 చుట్టలు. అప్పటికి విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగమెక్కి మూడేళ్ళయింది, అచ్చుకు ఇంకా రెండేళ్ళుంది. అంటే ఆ రోమను నియంత పేరింటివాడు అక్కడ చుట్టడానికి కూర్చునే వేళకు, ఇక్కడ ఆ నాటకంలో గిరీశం శిష్యుడు వెంకటేశానికి కాల్చడం నేర్పేసే ఉన్నాడు. కాలనిర్ణయంలో ప్రాథమ్యం మనదే.

గడియారం సంగతి కొంచెం చిక్కు. టాంపాలో ఈబోర్ సిటీ అనే పేటలో 1910లో లేచిన ఇటుకల కర్మాగారమది. గోపురం మీది గడియారాన్ని బట్టి జనం దాన్ని స్పానిష్‌లో గడియారమనే, ‘ఎల్ రెలోహ్’ అనే, పిలుస్తారు. కట్టించినవారు వేరు. న్యూమన్ వారు క్లీవ్‌లాండ్ వదిలి టాంపా చేరింది 1954లో. వంశం పాతదే, ఇల్లూ పాతదే, ఆ ఇంట్లో ఆ వంశం మాత్రం తర్వాత దిగింది. నాలుగో తరం కూడా అక్కడే ఉంది కనుక దీన్ని దోషంగా ఎంచరాదు.

‘చుట్ట’కు లక్షణం చెప్పవలసిన ఆలంకారికులు ఆ దేశంలో న్యాయమూర్తులు. మేలురకం చుట్ట అంటే ఏదో తేల్చమని వ్యాపారులూ ప్రభుత్వమూ వాదులాడుకుంటే, 2020లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయస్థానం ఎనిమిది లక్షణాలు ఏరి పెట్టింది. పైన చుట్టినది ముక్కలు కాని నిండు పొగాకు కావాలి. దాని కింద కట్టుగా వేసేదీ ఆకే కావాలి. లోపలి సరుకులో కనీసం సగం తూకం పొడవాటి ఆకు ఉండాలి. చేత్తో చేసినదై ఉండాలి. ఫిల్టరు పనికిరాదు, పొగాకుది కాని వాసన పనికిరాదు, పొగాకు, నీళ్ళు, చెట్టు జిగురు తప్ప మరొకటి కలపరాదు. వెయ్యి చుట్టలు కలిసి 6 పౌన్లకు మించి తూగాలి. మహాకావ్యానికి దండి చెప్పిన లక్షణాల్లో తూకం లేకపోవడం ఇప్పుడు లోటుగా తోస్తోంది.

పైఆకు, కట్టు ఆకు, లోపలి సరుకు, ఆ మూడు పొరల్లో పని ఉంది. లోపల వేసే ఆకులు మొక్క మీద ఏ ఎత్తున కాశాయన్నదాన్ని బట్టి గుణం మారుతుంది: పైకొసవి ఘాటు, అడుగువి తేలిగ్గా అంటుకుంటాయి, నడిమివి వాసనకు. మూడింటినీ పొగ నడిచే సందు మిగిలేటట్టు అరచేతిలో మడిచి, కట్టు ఆకుతో చుట్టి, కొయ్య అచ్చుల్లో పెట్టి బిగిస్తారు. తర్వాత పైఆకును చవేటా అనే పిడిలేని కత్తితో కోసి, ఏటవాలుగా తిప్పుకుంటూ పోయి, కొసన చిన్న టోపీ అతికిస్తారు. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే చుట్ట వేడెక్కి నోరు చేదవుతుంది. ‘పదిలమై’ అన్న ఒక్క మాటలో కవి ఇదంతా దాచాడు, లేదా అతనికి తెలియదు.

ఇక ‘చేతితోఁ జుట్టఁబడినది’. కర్మణి వాక్యం. చెయ్యి ఉంది, చెయ్యిగలవాడు లేడు. కర్త లోపించిన చోట వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకోవాలి గనుక వెతికాం. గడియారం కింద, టాంపాలో, 1930ల నాటి యంత్రాలు ఈనాటికీ తిరుగుతున్నాయి. అక్కడ పూర్తిగా చేత్తో చుట్టే రకాల్లో ఒకటి ‘ది అమెరికన్’. విత్తునుంచి పెట్టెదాకా అన్నీ స్వదేశానివే, వెల మాత్రం సులభం కాదు. పద్యం పొగిడిన అందుబాటు చుట్టలు, జూలియస్ గారి హంగరీ ఊళ్ళోని ఇటుకల ఇంటి పేరు పెట్టుకున్న ‘బ్రిక్ హౌస్’, కట్టలుగా అమ్మే ‘క్వోరం’, నికరాగ్వా దేశం ఎస్తెలీ పట్టణంలో తయారవుతాయి. కనుక అన్వయం ఇది: గడియారం ఫ్లోరిడాది, ఇల్లు హంగరీది, చెయ్యి నికరాగ్వాది. కంపెనీ ఈ మాట దాచలేదు. మోజుతో చదివేవాడే ముద్ర కింద చెయ్యిని ఊహించుకుంటాడు.

‘సులభ వెల’ వైరి సమాసం. తత్సమానికి అచ్చతెలుగు పదాన్ని అతకరాదని పండితులు ఆక్షేపిస్తారు. ఇక్కడ వైరం వ్యాకరణంతో ఆగలేదు. చేతిపని, చవక వెల ఒకచోట ఇమడాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి. ఎస్తెలీ కూలికీ టాంపా కూలికీ ఉన్న దూరమే ఆ సమాసాన్ని నిలబెట్టిన విభక్తి.

పూర్వపక్షం: చుట్టలు చుట్టే చోట రసమెక్కడిది? సమాధానం: ఈబోర్ సిటీ కర్మాగారాల్లో ఎత్తయిన వేదిక మీద లెక్టరు అనే పాఠకుడు కూర్చుని పొద్దున వార్తాపత్రికలూ, తర్వాత నవలలూ గొంతెత్తి చదివేవాడు. జీతం యజమాని ఇచ్చేవాడు కాదు, చుట్టేవాళ్ళే చందా వేసుకునేవారు. పారాయణంలో కార్మిక రాజకీయం ఎక్కువైందని యజమానులు 1931లో ఆ వేదికలు పీకించారు. నీలో క్రూజ్ నాటకం ‘అనా ఇన్ ద ట్రాపిక్స్’లో అలాంటి పాఠకుడు టాల్‌స్టాయ్ నవల ‘అనా కరెనినా’ చదివి ఒక కుటుంబాన్నే కల్లోలపరుస్తాడు. దానికి 2003లో పులిట్జర్ బహుమతి వచ్చింది. చేతులు ఆకు మీద, చెవులు టాల్‌స్టాయ్ మీద. మన సాహిత్య సభల్లో ఇంతటి శ్రద్ధ గల శ్రోతలు దొరకడం లేదు.

ఫలశ్రుతి. పొగ గుండెల్లోకి పీల్చకపోయినా చుట్ట వల్ల నోటికీ గొంతుకూ క్యాన్సరు ముప్పు ఉంది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే శ్రీకాకుళం, విశాఖ పల్లెల ఆడవాళ్ళ అంగిళ్ళలో డాక్టర్లు దీన్ని ఏనాడో చూశారు.

పాఠాంతరం. వైద్యుల ప్రతిలో నాలుగో పాదాన ‘కొనుము’ బదులు ‘చనుము’ అని ఉంది. గణం చెడలేదు, యతికి భంగం లేదు.