వత్తు మీద వ్రేలు

మనము వ్రాసిన వాక్యమును ఇక మీదట ఫోనే దిద్దునట. కోపముతో వ్రాసినదానిని వినయముగను, వినయముతో వ్రాసినదానిని అధికారికముగను, పది పంక్తులను రెండుగను, రెండు పంక్తులను ఇరువదిగను ఒక్క నొక్కుతో మార్చిపెట్టునట. ఆ వార్త వెలువడిన సాయంకాలమునకే మా వీధిలోని సెల్లు దుకాణమువాడు అద్దముపై రంగుకాగితము అంటించెను. మా బంధువర్గపు వాట్సాప్ గ్రూపులో పెద్దబావగారు ఇక మీదట ఎవరి వ్రాతలోను తప్పులుండవని సెలవిచ్చుచు, ఆ సెలవిచ్చిన వాక్యములోనే రెండు తప్పులను ప్రతిష్ఠించిరి. నేను మిక్కిలి సంతసించితిని. ఆలోచించుట, వాక్యము కూర్చుట, మర్యాద పాటించుట మున్నగు మహాకార్యములన్నియు యంత్రమునకు అప్పగింపబడిన పిమ్మట, తప్పుపడిన ఒక్క అక్షరమును చెఱిపివేయుట యను అల్పకార్యము మాత్రమే గదా మనకు మిగిలినది! దానికి మనుష్యాయుర్దాయము చాలకపోవచ్చును గాని, అది వేఱు సంగతి.

కాపీ, పేస్టు అనునవి నిన్న మొన్న పుట్టిన విద్యలు కావు. 1970ల నడుమ కాలిఫోర్నియాలోని జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ అను ఇరువురు, గిన్ అను పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థలోని సంపాదకుల నిమిత్తమై ‘జిప్సీ’ యను వ్రాత సాధనమును నిర్మించుచు, కంప్యూటరు ముఖమెఱుగని వారికి సైతము సులభముగ నుండవలెనను పట్టుదలతో, కావలసిన పదములను గుర్తించి, కత్తిరించి, వేఱొకచోట అతికించు పద్ధతిని కుదిర్చిరి. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూసెను. ఆయన జీవించియుండగానే, 2007లో లోకమును తల్లక్రిందులు చేయ వచ్చిన ఐఫోనులో కాపీయు లేదు, పేస్టును లేదు. 2009 జూనులో ఆ రెంటిని అనుగ్రహించినపుడు భక్తులు పులకించిరి. మైక్రోసాఫ్టువారు ఈ పాఠమును శ్రద్ధగా గమనించి, 2010లో తమ విండోస్ ఫోనును సైతము అవి లేకయే విడుదల చేసి, మఱుసటి సంవత్సరమున తామును వరమిచ్చిరి. వ్రేలి క్రింది అక్షరమును పెద్దదిగా జూపు భూతద్దమును ఐఫోనువారు 2019లో తొలగించి 2021లో తిరిగి ఇచ్చిరి. పుచ్చుకొన్న వస్తువునే దానము చేయు ఈ నేర్పు మన ఎన్నికల పార్టీలకును కొత్తది కాదు. చేసిన మార్పు రద్దు కావలెనన్న ఐఫోనును చేతబట్టి ఊపవలయునట. ఆ ఉపాయము కనిపెట్టిన మహనీయుడు శ్రీశైలము ఘాటురోడ్డుపై ఆర్టీసీ బస్సులో కూర్చుండి ఎన్నడును ఒక సందేశము వ్రాసియుండడు.

అయినను ఇవి సర్వమానవ సాధారణములగు బాధలు. వీటికై నేను కలము పట్టను. నా రోదనము రాష్ట్రమును గుఱించినది.

‘రాష్ట్రము’ అని వ్రాయబోయి, వ్రేలు తొట్రుపడి ‘రాస్ట్రము’ అని వ్రాసితి మనుకొనుడు. దోషము సకారమున నున్నది. దాని క్రింద టకారము వత్తై వ్రేలాడుచు, రేఫము వారిని చుట్టుకొని, మూడు హల్లులును ఏకశరీరమై నిలిచియున్నవి. మన కంటికి అది ఒక్క అక్షరము. యంత్రము కడుపులో మాత్రము సకారము, పొల్లు, టకారము, పొల్లు, రేఫము అని అయిదు సంకేతములు వరుస దీరియున్నవి. ఆ అయిదింటిలో మొదటిది మాత్రమే మారవలయును. కర్సరును తెచ్చి నిలుపుదమన్న, అది అక్షరమునకు ముందు నిలుచును, లేదా వెనుక నిలుచును, నడుమ మాత్రము నిలువదు. సరే, వెనుక నిలిపి బ్యాక్‌స్పేసు నొక్కుదము. రేఫము రాలిపోయి, దాని స్థానమున ఒక పొల్లు మొలిచినది. మఱల నొక్కగా పొల్లు పోయినది; ఇంకొకమాఱు నొక్కగా టకారము పోయి వేఱొక పొల్లు మొలిచినది; అదియు పోయి, కట్టకడపట మన అపరాధి యగు సకారము ఒంటరిగా చిక్కినది. నలుగురు నిర్దోషులను వధించి గాని ఒక దోషిని పట్టలేని ధర్మాసనము ఏ రాజ్యమున నున్నను దానికి ప్రజలు నిప్పు పెట్టుదురు. మనమో, వడ్డీ లేని వాయిదాలపై కొని తెచ్చుకొనుచున్నాము.

కథ ఇంకను ముగియలేదు. చచ్చిన నలుగురిని మఱల బ్రతికింపవలయును గదా! షకారము నొక్కి, పొల్లు నొక్కి, టకారము కొఱకు వెదకుచుండగా, మనము ఇంతకు మున్ను చేసిన తప్పును భక్తితో హృదయమున దాచుకొన్న కీబోర్డు, పైవరుసలో ‘రాస్ట్రము’ అను పదమునే సూచనగా తెచ్చి మన వ్రేలి క్రింద పెట్టును. తొందరలో దానినే నొక్కుదుము. ఇది ఒక ఫోనులోని వైభవము. మఱియొక దానిలో బ్యాక్‌స్పేసు ఒక్కమాఱు నొక్కగానే అయిదు సంకేతములును సకుటుంబముగా అంతర్ధానమగును. ఇంకొక దానిలో కర్సరు అక్షరగర్భమున ప్రవేశించినదో లేదో పైకి తెలియనీయక, బాణము నొక్కినను కదలనట్లు నటించుచు నిలుచును. ఒకే చేతిలోని ఒకే ఫోనులో ఒక యాప్ ఒక రీతిగను, మఱియొక యాప్ మఱియొక రీతిగను ప్రవర్తించుట కూడ కలదు. రాష్ట్రమునైనను 2014లో రెండు చేయగలిగిరి గాని, ‘రాష్ట్రము’ నడుమ నున్న సంయుక్తాక్షరమును విడదీయగల మొనగాడు ఇంతవఱకు పుట్టలేదు.

పదమును ఎన్నుకొనుట మఱియొక ప్రహసనము. కావలసిన భాగమునకు అటు నిటు రెండు పిడులు కనబడును. వానిని పట్టి లాగవలయును. పంక్తి క్రిందికి అంతగా దిగని లిపి వ్రాయువారు నిర్మించినవి గనుక ఆ పిడులు చాల ఫోనులలో పంక్తి క్రిందనే వ్రేలాడును. మన వత్తులుండు చోటు సరిగా అదియే. పిడి కప్పివేయగా వత్తు కనబడదు, పిడిపై వ్రేలు పెట్టగా పంక్తియే కనబడదు, వ్రేలు తీయగా పిడి ఒక అక్షరము అవతలికి దుమికియుండును. ఇంత చేసి కాపీ నొక్కినచో ‘అంతయు ఎన్నుకొనుము’ అనునది పక్కనే పొంచియుండి నొక్కబడును, ఆ మీద ఏ మీట తాకినను వ్రాసినదంతయు తుడిచిపెట్టుకొని పోవును.

ఇక పరిహాసము చాలును. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైచిలుకు. ఇంతమంది చేత ఫోనులు కొనిపించుటకు, ప్రకటనలలో తెలుగు పాటలు పాడించుటకు, తెలుగు నటుల బొమ్మలు అట్టపెట్టెలపై ముద్రించుటకు ఈ కంపెనీలకు తీరిక గలదు. ఒక వత్తునకు ముందు కర్సరు నిలుపుటకు లేదు. లేదనుటకు నాకు బలమగు సాక్ష్యము గలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును కనబడని ఒక సంకేతముతో కలిపి పంపగా ఐఫోనులలోని యాప్‌లు కుప్పకూలినవి. దేశదేశముల పత్రికలు ఫోనును చంపిన తెలుగు అక్షరమని వ్రాసినవి. తప్పు ఆ అక్షరమును చిత్రింపలేని యంత్రముదని వ్రాయుటకు చాలమందికి చేయాడలేదు. కంపెనీవారు పరుగు పరుగున కొలది దినములలోనే మరమ్మతు పంపిరి. అనగా, మన అక్షరము వారి యంత్రమును గాయపఱచినచో చికిత్స దినములలో జరుగును. వారి యంత్రము మన అక్షరమును ప్రతిదినము చంపుచున్నను అది ఫిర్యాదుగా సైతము నమోదు కాదు. ఇది చేతకానితనము కాదు, లెక్కచేయనితనము. చేతనగునని ఆ ఫిబ్రవరిలోనే నిరూపించిరి.

దీనికి తోడు మన పెద్దలు. పిల్లలు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుచున్నారని, భాష మంట గలిసినదని వేదికలెక్కి కన్నీరు కార్చుదురు. ఆ పిల్లవాడు ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో తప్పుపడిన అక్షరము ప్రక్కన వ్రేలు పెట్టి ఒక్క నొక్కుతో దిద్దుకొనుచున్నాడు. తెలుగు లిపిలో వ్రాసినచో పదమును సమూలముగా పెఱికి మఱల నాటవలసి వచ్చుచున్నది. వాని భాషాభిమానమును నిందించుటకు ముందు ఈ మహావక్తలు తమ ఫోనులో తామే ‘రాష్ట్రము’ అను పదమును దిద్ది చూపవలయును. చూపరు. వారి సందేశములు వ్రాయుటకు వేఱొకరుందురు.

చిల్లర దురాగతములు మఱికొన్ని కలవు. వాట్సాప్‌లో నాలుగు సందేశములను కలిపి కాపీ చేసినచో తేదీ, గంట, పంపినవారి పేరు సహితముగా అతుకుకొని వచ్చును. కావుననే మనకు వచ్చు సంతాప వాక్యములు వేఱొకరి పేరుతో, వేఱొక సంవత్సరపు వేఱొక మృతుని గుఱించి మొదలగును. ఫార్వర్డు చేసినదని తెలుపు గుర్తును 2018లో పెట్టిరి. కాపీ చేసి పేస్టు చేయగానే పుకారునకు ఆ గుర్తు పోయి, స్వహస్తలిఖితమను గౌరవము దక్కును. ఒక బ్యాంకువారు తమ యాప్‌లో ఖాతా సంఖ్యను పేస్టు చేయుటకు వీలులేదని, భద్రతార్థమై రెండు మాఱులు చేతితోనే కొట్టవలయునని శాసించిరి. వణకు వ్రేళ్లతో కొట్టిన సంఖ్య కంటె కాపీ చేసిన సంఖ్యలో తప్పు వచ్చుట ఎట్లో ఆ భద్రతాధికారులకే ఎఱుక.

అన్నింటి కంటె ఘనత మన ముద్రణశాలలది, కచేరీలది. ‘అను’ అను పేరుగల ఫాంటులతో కూర్చిన తెలుగు పీడీఎఫ్ నుండి ఒక వాక్యము కాపీ చేసి అతికించి చూడుడు: మంత్రగాడు కూడ ఉచ్చరింపలేని ఇంగ్లీషు అక్షరముల, చుక్కల, గీతల దొంతి దిగును. ప్రభుత్వోత్తర్వులలో అనేకము అదియును గాక, కాగితమును వంకరగా స్కాను చేసిన బొమ్మలు. వానిలో నుండి కాపీ చేయుటకు అక్షరమే ఉండదు. అందలి ఒక పేరాను అర్జీలో ఉదాహరింపవలసిన పౌరుడు ఫోనును తెఱచి పెట్టుకొని, కాగితము మీద చేతితో ఎత్తి వ్రాసికొని, ఆ కాగితమునకు ఆ ఫోనుతోనే ఫోటో తీసి కచేరీకి పంపుచున్నాడు. అక్కడినుండి జవాబు వచ్చుచున్నది: టైపు చేసి పంపవలెనని.